కండబలం - చదువు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి మాట్లాడతాననుకుని వచ్చినవారు క్షమించాలి. ఈ పూట మా ఇంటి తగువొకటి మీ ముందు పెడుతున్నాను.

1991లో మా అబ్బాయి ఇంటర్ చదువుతూ వీధి చివరి తాలింఖానాలో బరువులెత్తేవాడు. "కండ పెరిగితే బుర్ర మందగిస్తుంది. బస్తాలు మోస్తావా, ఆఫీసులో కూర్చుంటావా?" అని మాన్పించాను. ఇప్పుడు ఇంజనీరింగ్ చదివే మనవడు జిమ్ముకు వెళుతుంటే, మా అబ్బాయి అదే మాట పొల్లుపోకుండా వాడితో అంటున్నాడు!

చిత్రమేమిటంటే, చిన్నప్పుడు నేను దండమూడి రాజగోపాలరావు గారంటే పడిచచ్చేవాణ్ణి. ఉయ్యూరు దగ్గర గండిగుంట ఆయనది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బరువులెత్తి కాంస్య పతకం తెచ్చారు. 1963లో 'నర్తనశాల'లో భీముడు ఆయనే. మన ఇండోర్ స్టేడియానికి ఉన్నదీ ఆయన పేరే. మెచ్చుకోవడానికి వస్తాదు కావాలి గాని, ఇంట్లో వద్దన్నమాట.

మనవడు నాకొక పరిశోధన సంగతి చెప్పాడు. కెనడాలోని వాంకోవర్‌లో 65 నుంచి 75 ఏళ్ళ మహిళలు 155 మందిని తీసుకుని, కొందరిచేత వారానికి ఒకటి రెండుసార్లు బరువులెత్తించారు. మిగతావారిచేత తూలిపోకుండా నిలబడే తేలిక వ్యాయామాలు చేయించారు. ఏడాది తర్వాత పరీక్ష పెట్టారు. 'ఎరుపు' అనే మాట నీలం సిరాతో ఉంటుంది. మాట చదవకుండా సిరా రంగు చెప్పాలి. ఇంటికి వెళ్ళి ప్రయత్నించండి, నాలుక తడబడుతుంది. బరువులెత్తినవారే బాగా చెప్పారని 2010లో ప్రకటించారు.

దీనికీ చదువుకీ ఏమిటి సంబంధం? చదివేటప్పుడు పక్కకు లాగే ఆలోచనను ఆపాలి, పై వాక్యం గుర్తుంచుకోవాలి. ఫైలు మూడో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీ మరచిపోయిన గుమాస్తా రాసిన డ్రాఫ్టు ఏమయ్యేదో మనకు తెలియనిది కాదు.

కుర్రవాళ్ళలో కూడా, ఓ మోస్తరు బరువులతో ఒక్కపూట వ్యాయామం చేసినా కాసేపు ఇటువంటి ఏకాగ్రత చురుకవుతుందని ప్రయోగాల్లో కనిపించింది. అయితే లాభం చిన్నదే. ఇరవై ఏళ్ళ బుర్ర అప్పటికే మంచి పదునులో ఉంటుంది గదా! మార్కులు పెరుగుతాయని ఎవరూ హామీ ఇవ్వరు. ఒళ్ళు హూనం చేసుకుని నిద్ర మానితే ఉన్నదీ పోతుంది. డబ్బాల్లో అమ్మే పొడుల జోలికి నేనిప్పుడు పోను, అది వేరే పురాణం.

చివరకు రాజీ కుదిరింది. వారానికి మూడు రోజులు, ఉదయం గంటసేపు జిమ్ము. రాత్రి పదింటికల్లా పడక. సెమిస్టరు ఫలితాలు చూశాక మళ్ళీ మాట్లాడతానన్నాడు మా అబ్బాయి.

వాడు ఈ హాల్లోనే వెనక వరుసలో కూర్చున్నాడు. బాబూ, 1991లో నేనన్నది తప్పు. ఆ సాయంత్రం తాలింఖానాకు వెళ్ళి, నువ్వు కట్టిన నెల చందా కూడా వాపసు తెచ్చుకున్నాను. ఆ సంగతి నీకింతవరకు చెప్పలేదు.