సంగీతం గుండెకు తోడు, మాత్రకు బదులు కాదు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"సంగీతం - గుండె జబ్బు" అన్న విషయం మీద నన్ను ఎవరూ మాట్లాడమనలేదు. కార్యదర్శిగారిని నేనే అడిగి పావుగంట సమయం తీసుకున్నాను. కారణం మొదటే చెప్పడం మర్యాద.

బైపాస్ ఆపరేషన్ అయిన కొత్తలో ఇదే హాల్లో సంగీతం గురించి పది నిమిషాలు మాట్లాడాను. ఉత్సాహం పట్టలేక "సంగీతమే నన్ను బతికించింది" అన్నాను. మీరందరూ చప్పట్లు కొట్టారు. ఆ కొట్టినవారిలో ఒక మిత్రుడు ఇంటికి వెళ్ళి, గుండె వేగాన్ని అదుపులో ఉంచే మాత్ర మానేసి, పొద్దునా సాయంత్రం వేణుగానం వినడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండానే గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరారు. మాత్ర ఎందుకు మానావయ్యా అని డాక్టరుగారు అడిగితే నా పేరు చెప్పారట! ఆయన క్షేమంగా ఉన్నారు. ఈ హాల్లోనే ఉన్నారు. పేరు చెప్పనని మాటిచ్చాను కనుక వెనక్కి తిరిగి వెతక్కండి.

ఆనాడు నేను చెప్పింది సగం. ఆ మిగిలిన సగం చెప్పి బాకీ తీర్చుకుందామని ఇవాళ వచ్చాను. నేను డాక్టరును కాను. నా అనుభవం, దాని మీదట డాక్టర్లను అడిగి, పిల్లల సాయంతో పత్రికలు చదివి తెలుసుకున్న సంగతులు మాత్రమే మనవి చేస్తాను.

2011లో నాకు గుండెపోటు వచ్చింది. గుండె జబ్బుల వార్డులో పడుకోబెట్టి ఒంటి నిండా తీగలు తగిలించారు. మన కంట్రోల్ రూములో ప్యానెల్ బోర్డు ముందు ముప్పై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి గదా, తలగడ పక్కన తెర మీది అంకెల మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయాను. పక్క మంచం దగ్గర ఏదో కూత పెట్టినప్పుడల్లా నా అంకె కూడా పెరిగేది. చేతులు మంచులా చల్లబడ్డాయి. నొప్పి కంటే భయమే ఎక్కువగా ఉన్నదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.

మర్నాడు మా అబ్బాయి సిస్టరుగారి అనుమతి తీసుకుని చిన్న పాటల పెట్టె తెచ్చాడు. "నాన్నగారూ, మనసుకు ప్రశాంతంగా ఉంటుంది, వినండి" అని మీట నొక్కాడు. ఘంటసాల గారి భగవద్గీత! ఆ గానం మీద నాకున్న భక్తి మీలో ఎవరికీ తీసిపోదు. కానీ మన ఊళ్ళలో అది మైకులో వినబడిందంటే ఏమనుకుంటాం? ఏ ఇంట్లో ఎవరు పోయారో అని వీధిలోకి వచ్చి చూస్తాం. నాకైతే నన్ను అప్పుడే అరుగు మీద పడుకోబెట్టినట్టే అనిపించింది. తెర మీద అంకె వంద దాటింది. సిస్టరుగారు పరుగున వచ్చి "ఏం బాబాయిగారూ, నొప్పా?" అంటే "కాదమ్మా, ముందు ఆ పెట్టె ఆపించు" అన్నాను.

సాయంత్రం మా ఆవిడ వచ్చి ఒక్క ప్రశ్న అడిగింది. "మీకేం వినాలని ఉంది?" ఆ మాట అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఈమని శంకరశాస్త్రిగారి వీణ వినాలని ఉందన్నాను. ఒకప్పుడు నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చాక రేడియోలో వినే అలవాటు. పక్క మంచానికి వినబడనంత సన్నగా పెట్టింది. పది నిమిషాలకు అంకె ఎనభైల్లోకి దిగింది. పావుగంటకు చేతులకు కాస్త వెచ్చదనం వచ్చింది. తరువాత నిద్ర పట్టింది. నేను ఇక్కడ "సంగీతమే బతికించింది" అన్నది ఈ రాత్రిని తలుచుకునే. కానీ అదే సమయంలో నా చేతికి సూది ద్వారా మందు ఎక్కుతూనే ఉన్నదన్న సంగతి ఆ ఉపన్యాసంలో చెప్పలేదు. నా తప్పు అదీ.

ఇంతకీ వీణకూ గుండెకూ సంబంధం ఏమిటి? గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటున్నదనుకుందాం. ఒక్కొక్క కొట్టుకు 0.8 సెకను పడుతుంది. అందులో సుమారు 0.3 సెకను గుండె ముడుచుకుని రక్తాన్ని తోస్తుంది. మిగతా 0.5 సెకను వదులై విశ్రాంతి తీసుకుంటుంది. ఒంటి కంతటికీ రక్తం పంపే గుండె, తన కండకు కావలసిన రక్తాన్ని మాత్రం ఎక్కువ భాగం ఈ విశ్రాంతి సమయంలోనే తీసుకుంటుంది. భయం వేసినప్పుడు అడ్రినలిన్ ఊరి గుండె వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ముందు కోత పడేది ఈ విశ్రాంతికే. అంటే పని పెరుగుతుంది, తిండి తగ్గుతుంది. నాళాలు సన్నబడ్డ మనవంటివారికి అక్కడే చిక్కు. మన భాషలో చెప్పాలంటే, ఓవర్ లోడు మీదున్న ట్రాన్స్ ఫార్మరుకు చల్లబడే వ్యవధి కూడా లేకుండా చేయడమన్నమాట.

మనసు కుదుటపడితే భయం పుట్టించే నరాల జోరు తగ్గి, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరానిది పైచేయి అవుతుంది. ఊపిరి నిదానిస్తుంది. చేతుల్లో ముడుచుకున్న రక్తనాళాలు వదులవుతాయి. సంగీతం చేసే మేలు ప్రధానంగా ఈ దారినే వస్తుంది. అది గుండె దగ్గరకు నేరుగా వెళ్ళదు, మనసు మీదుగా వెళుతుంది.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. అమెరికాలో కేథీ గుజెట్టా అనే నర్సింగ్ పరిశోధకురాలు గుండెపోటు అనుమానంతో చేరిన 80 మంది రోగుల మీద చేసిన పరిశీలన 1989లో వెలువడింది. సంగీతం విన్నవారికీ, ఒళ్ళు సడలించే పద్ధతి నేర్చుకున్నవారికీ గుండె వేగం తగ్గింది, చేతివేళ్ళ వేడి పెరిగింది. అది చదివినప్పుడు నా మంచు చేతులు గుర్తుకొచ్చాయి.

ఇటలీలోని పావియాలో లూచియానో బెర్నార్డి అనే డాక్టరుగారు 2006లో ఇంకో చిత్రమైన సంగతి బయటపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న 24 మందికి రకరకాల సంగీతం వినిపించారు. వారిలో సగంమంది సంగీతజ్ఞులు, సగంమంది కారు. వినిపించిన వాటిలో మన హిందుస్తానీ రాగం కూడా ఉంది. వేగంగా సాగే సంగీతానికి ఊపిరి, గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. ఏ దేశపు సంగీతం అన్నదాని కంటే ఎంత వేగం అన్నదే ముఖ్యమని తేలింది. అన్నిటికంటే విశేషం, మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపితే, ఆ నిశ్శబ్దంలో గుండె వేగమూ రక్తపోటూ వినకముందున్న స్థాయి కంటే కూడా దిగాయి. కనుక పాట ఎంత ముఖ్యమో పాట తరువాతి మౌనం అంత ముఖ్యం. పాట అయిపోగానే టి.వి. పెట్టేవారు ఇది గమనించాలి.

జపం, భజన చేసేవారికి మరొక మాట. అదే బెర్నార్డి గారి బృందం 2001లో 23 మంది చేత క్రైస్తవుల లాటిన్ ప్రార్థనా, బౌద్ధుల మంత్రమూ పఠింపజేసింది. రెండింటికీ ఊపిరి నిమిషానికి సుమారు ఆరుకు నిదానించింది. రక్తపోటు ఎక్కువతక్కువలను శరీరం తనంత తాను సర్దుకునే శక్తి మెరుగైంది. మన ఒంట్లో ఓల్టేజి స్టెబిలైజరు వంటిది ఒకటుంది, అది బాగా పనిచేసిందన్నమాట. ఏ దేవుణ్ణి తలచినా స్టెబిలైజరు ఒక్కటే!

ఇంతవరకు ఆనాడు చెప్పిన సగమే, కొంచెం లెక్కలతో. ఇక బాకీ సగం.

ఈ మేలు ఎంత? గుండె నాళాల జబ్బు ఉన్నవారి మీద జరిగిన 26 పరిశోధనలను, మొత్తం 1,369 మందిని, కాక్రేన్ సంస్థవారు 2013లో కలిపి పరిశీలించారు. ఆందోళన కొంత తగ్గింది, ముఖ్యంగా గుండెపోటు వచ్చినవారిలో. పై రక్తపోటు సగటున 5 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువగా, గుండె వేగం నిమిషానికి 3 చొప్పున తగ్గాయి. అదీ విన్న సమయంలో, విన్న వెంటనే కొలిచిన తగ్గుదల. కాదనలేని మేలే, కానీ కొండంత మేలు కాదు. సంగీతం వింటున్నానని రోగికి తెలిసిపోతుంది కనుక ఇటువంటి పరిశోధనల్లో నమ్మకం పాలు కూడా కొంత కలిసి ఉంటుందని వారే హెచ్చరించారు. రోగి తన పాట తానే ఎంచుకున్నప్పుడు ఆందోళన ఎక్కువగా తగ్గిందని కూడా గుర్తించారు. మా ఆవిడ ఏ పరిశోధనా చదవకుండానే ఆ పని చేసింది.

అన్ని చోట్లా అంకెలు మారతాయనీ అనుకోవద్దు. స్వీడన్ లో గుండె ఆపరేషన్ అయిన 40 మంది మీద చేసిన పరిశీలన 2009లో అచ్చయింది. మర్నాడు అరగంట మెత్తని సంగీతం విన్నవారి రక్తంలో ఆక్సిటోసిన్ అనే, మనసుకు ఊరటనిచ్చే రసాయనం పెరిగింది. గుండె వేగంలో, రక్తపోటులో మాత్రం విననివారికీ వీరికీ తేడా కనబడలేదు.

బెల్ గ్రేడ్ లోని డాక్టర్లు 2020లో అమెరికా గుండె వైద్యుల సదస్సుకు ఒక పత్రం సమర్పించారు. గుండెపోటు తరువాత మళ్ళీ నొప్పి వస్తున్న 350 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత రోజూ అరగంట చొప్పున ఏడేళ్ళు సంగీతం వినిపించారు. విన్నవారిలో ఆందోళన, నొప్పి, మళ్ళీ గుండెపోటు రావడం తక్కువగా కనబడ్డాయి. ఇది విని ఉప్పొంగిపోకముందు ఒక్క మాట వినండి. మందులు రెండు జట్లవారికీ ఉన్నాయి. ఒక జట్టుకు మందులు, రెండో జట్టుకు మందులూ సంగీతమూ. మందులు మానేసి సంగీతం విన్న జట్టు అందులో లేదు. అటువంటి జట్టును పెట్టడానికి ఏ డాక్టరూ ఒప్పుకోడు. మా మిత్రుడు చేరింది మాత్రం ఆ లేని జట్టులోనే.

కనుక స్పష్టంగా చెబుతున్నాను. ఏ రాగమూ నాళంలో పూడికను కరిగించదు. ఏ కీర్తనా రక్తం గడ్డకట్టకుండా ఆపదు. ఫలానా రాగం ఫలానా జబ్బుకు అంటూ చేతులు మారే జాబితాలు చూసి మురిసిపోండి, మందులచీటీ మాత్రం దాని చోటనే ఉంచండి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రను ఉన్నట్టుండి మానేస్తే, అణిగి ఉన్న వేగం ఒక్కసారిగా ఎగసి నొప్పి, ఒక్కొక్కప్పుడు గుండెపోటు కూడా రావచ్చు. మానవలసి వస్తే డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు వస్తే పాట పెట్టుకుని పడుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక ఆచరణలో నాలుగు మాటలు. రోజూ ఒకే వేళకు ఇరవై నిమిషాలో అరగంటో వినండి. మీకు నచ్చినది, నిదానంగా సాగేది ఎంచుకోండి. అది త్యాగరాజ కీర్తనే కానక్కరలేదు, పాత సినిమా పాటైనా సరే. సన్నగా పెట్టుకోండి. చెవులు మందగించినవారు గొంతు పెంచే బదులు చెవి పరీక్ష చేయించుకోవడం మేలు. పాట అయ్యాక కాసేపు ఊరికే కూర్చోండి. పేస్ మేకర్ ఉన్నవారు ఇయర్ ఫోన్లను చొక్కా జేబులో పెట్టుకోకండి, మెడలో వేలాడదీసుకోకండి. వాటిలో చిన్న అయస్కాంతాలుంటాయి. పరికరం ఉన్న చోటికి కనీసం 3 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. సెల్ ఫోనైతే జానెడు దూరం. ఇంట్లో ఎవరైనా మంచాన పడితే మీకు నచ్చినది పెట్టకండి. వారిని అడగండి. నోట మాట రానివారైతే ముఖం చూడండి, అదే చెబుతుంది.

మా మిత్రుడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆసుపత్రినుంచి వచ్చాక ఆయన్ను చూడబోయాను. మొహం చెల్లక గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన నవ్వి "రావోయ్, నీ తప్పేముంది, చప్పట్లు కొట్టింది నేనే గదా" అన్నారు. ఇప్పుడు పొద్దున్నే ముందు మాత్ర వేసుకుని, గ్లాసు బోర్లించి, ఆ తరువాత వేణువు పెట్టుకుంటారు. ఆ వరస మీరూ పాటించండి. నేనూ పాటిస్తున్నాను.

ఈసారి మాత్రం దయచేసి చప్పట్లు కొట్టకండి. ఇంటికి వెళ్ళి మీ మాత్రల డబ్బా ఒకసారి తెరిచి చూసుకోండి, నాకదే చాలు.