ఇంటితోటలో వేధశాల



గ్రహనక్షత్రాదులను పరిశీలించు మందిరమునకు మన పూర్వులు వేధశాల యని పేరిడిరి. వేధ యనగా గుచ్చుట. బాణము లక్ష్యమును గుచ్చినట్లు దృష్టి యొక చుక్కను గుచ్చి నిలుపుట వేధ. కావున ఆకాశమును చూచి ఆనందించు ప్రతివాడును వేధ చేసినవాడు కాడు. ఏ చుక్కను, ఏ క్షణమున, ఏ స్థానమున చూచెనో నిర్ణయించి వ్రాసి యుంచిననాడే అది వేధ యగును. ఇంటితోటలో దుర్భిణిని నెలకొల్పదలచువాడు మొట్టమొదట గ్రహింపవలసిన విషయ మిదియే.

ఇట్టి పని పాశ్చాత్యుల వేడుక యని కొందరి తలంపు. అది సరికాదు. ఆంధ్రదేశమున ఇంటితోట వేధశాలకు నూటయెనుబది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. విశాఖపట్టణపు జమీందారీ కుటుంబమున 1817లో జన్మించిన గోడే వెంకట జగ్గారావుగారు చెన్నపట్టణమునకు పోయి, అచ్చటి వేధశాలాధికారియైన టేలరుదొర యొద్ద జ్యోతిశ్శాస్త్రము నభ్యసించిరి. తిరిగి వచ్చిన పిదప 1840 ప్రాంతమున డాబాగార్డెన్సులోని తమ నివాసమున వేధశాలను నెలకొల్పిరి. వారి కృషి తమ వినోదముతో ముగియలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండపై జెండాకొయ్యను నిలిపి, పట్టణమునకును రేవునకును సరియైన కాలమును తెలుపు ఏర్పాటును గావించిరి. సముద్రముపై పోవు నావికునకు గడియారము నాలుగు నిమిషములు తప్పినచో తానున్న చోటు తూర్పునకో పడమటకో ఒక డిగ్రీ తప్పును. మన ప్రాంతమున అది నూరు కిలోమీటరులకు పైమాటే. ఒక గృహస్థుని తోటలోని నక్షత్రవేధ అట్లు పరుల ప్రాణములకు అక్కరకు వచ్చునదయ్యెను.

1856లో జగ్గారావుగారు స్వర్గస్థులైరి. అప్పటికి వారికి నలువది యేండ్లైనను నిండలేదు. గృహ వేధశాలలకు గల పెద్దగండ మిదియే. యజమానితో కోరిక పుట్టును. యజమానితోనే అది పోవును. మిగిలిన ఇత్తడి సామగ్రి వారసులకు భారమగును. జగ్గారావుగారి వేధశాలకు ఆ గతి వెంటనే పట్టలేదు. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ప్రభుత్వోద్యోగమును విడిచి ఆ భారమును వహించిరి. ఆరంగుళముల దూరదర్శినిని తెప్పించిరి. 1874 డిసెంబరు 9వ తేదీ ఉదయమున శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా సాగిపోవుటను వేధ చేసి, ఆ కొలతలను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకు పంపిరి. సూర్యునకును భూమికిని గల దూరమును నిర్ణయించుటకు ప్రపంచమంతటను పండితులు నాడు అట్టి కొలతలకై కాచుకొని యుండిరి.

నరసింగరావుగారు 1892లో గతించిరి. ఆ వేధశాల ఇప్పుడు లేదు. నేడు డాబాగార్డెన్సు విశాఖ నడిబొడ్డున జనసమ్మర్దము గల పేట. తోట యన్నది పేరున మాత్రమే మిగిలినది. కాని ఆ డిసెంబరు ఉదయపు కొలతలు అచ్చుపుటలలో నేటికిని చదువవచ్చును.

హైదరాబాదున జరిగిన కథ మరియొక విధముగా ముగిసినది. అచ్చటి ప్రభువంశీయుడు నవాబు జఫర్ జంగుగారు పదునైదంగుళముల గ్రబ్ దూరదర్శినిని కొని, 1901లో ఫీసల్‌బండ యందలి తమ ఆవరణమున వేధశాలకు పునాది వేసి, దానికి నిజామియా యని పేరు పెట్టిరి. 1907లో వారు కాలధర్మము నొందిరి. అయినను మరుసటి యేట నిజాము ప్రభుత్వము వేధశాలను స్వీకరించెను. తరువాత అది బేగంపేటకు మారెను. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరెను. ఆకాశమును భాగములుగా పంచుకొని ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల పట్టికను వ్రాయు మహాకార్యమున అనేక దేశముల వేధశాలలు పాల్గొనగా, హైదరాబాదు వంతునకు వచ్చిన మండలములలో లక్షలకొలది చుక్కలను గణకులు గాజుపలకలపై కొలిచి అంకెలుగా వ్రాసిరి.

ఆ సంపుటములు చాలకాలము బీరువాలలో పడియుండెను. 1989లో ఐరోపావారు హిప్పార్కస్ అను ఉపగ్రహమును పంపి నక్షత్రముల స్థానములను సూక్ష్మముగా కొలిచిరి. చుక్క యిప్పుడెచ్చట నున్నదో తెలిసినది. అది ఎంత జరిగినదో తెలియవలెనన్నచో పూర్వ మెచ్చట నుండెనో తెలియవలెను గదా! అప్పుడు ఆ పాత సంపుటములను మరల తెరచిరి. 2000వ సంవత్సరమున వెలువడిన టైకో-2 పట్టికలో ఇరువదియైదు లక్షల నక్షత్రముల చలనములను లెక్కించుటకు హైదరాబాదు అంకెలును ఆధారములయ్యెను. హద్దు తగవు వచ్చిననాడు పాత అడంగలు పలికినట్లు ఆ యంకెలు పలికినవి.

ఇక నేటి గృహస్థుడు తన పెరటిలో ఏమి చేయగలడో విచారింతము.

మొదట స్థలము. కన్నులకు స్థిరముగా కనబడు నక్షత్రములు భూమి తన యిరుసుపై తిరుగుటచేత పడమటికి సాగుచున్నట్లు తోచును. ముందుకు పోవు పడవలోనివానికి ఒడ్డునగల చెట్లు వెనుకకు పోవునట్లు తోచుటతో దీనిని పోల్చి, 499 నాటికే ఆర్యభటుడు చెప్పెను. దూరదర్శిని చుక్కను వెంబడింపవలెనన్న, దాని యిరుసు భూమి యిరుసునకు సమాంతరముగా నుండవలెను. విశాఖపట్టణమున ఆ యిరుసు ఉత్తరమునకు తిరిగి క్షితిజము నుండి సుమారు పదునేడున్నర డిగ్రీల యెత్తున నుండవలెను, తిరుపతిలో పదమూడున్నర. లండనులో ధ్రువుడు ఏబదియొక్క డిగ్రీల పైని వెలుగును గాని, మనకు కొబ్బరితోపుల వెనుకనే దాగును. అందుచేత మన పెరటిలో ఉత్తరపు దిక్కు తెరపిగా నున్నదో లేదో చూచుకొనుట ముఖ్యము. పురాణములలోని ధ్రువుడు అచలుడు. ఆకాశములోని ధ్రువనక్షత్రము సత్యధ్రువమునకు సుమారు మూడింట రెండు వంతుల డిగ్రీ ఎడముగా నుండి, తానును చిన్న వలయమున తిరుగును. ఆ భేదమును సవరింపనిచో ఛాయాచిత్రమున చుక్కలు గీతలుగా సాగును.

రెండవది స్తంభము. దూరదర్శినిని మోయు కాంక్రీటు స్తంభమునకు వేరుగా పునాది వేయవలెను. గది నేలకును దానికిని నడుమ సందు విడువవలెను. లేనిచో మనుష్యుని అడుగు చప్పుడునకే చుక్క వణకును. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును గనుక అట్టిచోట పునాది మరింత లోతున గట్టినేలను తాకవలెను.

మూడవది పైకప్పు. గుమ్మటము చూపునకు సొంపైనను కట్టుట కష్టము. ఇనుపపట్టాలపై చక్రములతో ప్రక్కకు జరుగు రేకులకప్పు ఊరి కమ్మరియు వడ్రంగియు చేయగలరు. అయితే 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకొనిపడిన సంగతి మరువరాదు. జరుగు కప్పు ఎగురు కప్పు కాకుండ నలుమూలల కొక్కెములతో గోడకు బిగింపవలెను.

ఇక స్వయంచాలకత్వము. పూర్వము బరువు దిగుచుండగా పండ్లచక్రములు తిరుగు గడియారయంత్రము దూరదర్శినిని త్రిప్పెడిది. నేడా పనిని చిన్న విద్యున్మోటారు చేయును. అది త్రిప్పవలసిన కాలము ఇరువదినాలుగు గంటలు కాదు. ఇరువదిమూడు గంటల యేబదియారు నిమిషముల నాలుగు సెకనులు. చుక్క ప్రతిదినమును నాలుగు నిమిషములు ముందుగా ఉదయించుటకు కారణ మిదియే. పైకప్పును తెరచుట, చుక్కవైపు త్రిప్పుట, చిత్రము తీయుట, తెల్లవారకమునుపు మూయుట, ఇవన్నియు అరచేతిలో ఇముడు కంప్యూటరు చేయగలదు. తీసిన చిత్రములోని చుక్కల అమరికను నక్షత్రపట్టికతో పోల్చి, దూరదర్శిని ఎచ్చట చూచుచున్నదో అది తానే తెలిసికొని సవరించుకొనును. పూర్వుల అంకెలు లేనిచో ఇట్టి పట్టికయే లేదు. పట్టిక లేనిచో ఈ యంత్రము గ్రుడ్డిది.

యంత్రమునకు పని నప్పగించువాడు దాని తప్పునకు కూడ ముందే లెక్క వేయవలెను. దూరదర్శిని తలవంచి తన చోట పండుకొన్నదని ఒక మీట సాక్ష్యమిచ్చినగాని కప్పు కదలరాదు. కదలినచో రెండును విరుగును. వానను గుర్తించు సాధనము వాన లేదని చెప్పినప్పుడే తెరువవలెను. అది ఏమియు చెప్పక మౌనము వహించినచో దానిని వాన క్రిందనే జమ కట్టవలెను. కరెంటు పోయినను కప్పును ఒక్కమారు మూయుటకు చాలిన బ్యాటరీ యుండవలెను. బ్యాటరీయు విఫలమైనచో చేతితో లాగుటకు త్రాడుండవలెను. మెరుపుల కాలమున తీగలన్నిటికిని భూమితో సంబంధము గల రక్షణ యుండవలెను.

ఇంత చేసినవాడు నిద్రపోవచ్చును. కాని యంత్రము తీసిన వేయి చిత్రములును వ్రాతలేనిచో వేధలు కావు. కాంతి హెచ్చుచు తగ్గుచుండు చరనక్షత్రముల కొలతలను 1911లో అమెరికాయందు స్థాపితమైన పరిశీలకుల సంఘమొకటి లోకమంతటి ఔత్సాహికుల నుండి స్వీకరించుచున్నది. వారు తేదీలకు బదులు ఏకధాటిగా సాగు దినసంఖ్యను వాడుదురు. మన సిద్ధాంతకర్తలు కల్యాది నుండి లెక్కించిన అహర్గణమును ఎరిగినవారికి అది క్రొత్త కాదు. పెరటిలోని చిన్న దూరదర్శిని యిచ్చిన సంఖ్యయు ఆ లెక్కలో నిలుచును.

కావున ఇంటితోట వేధశాల కట్టువాడు ముగ్గురిని ముందుగా ఏర్పరచుకొనవలెను: కప్పు మూయువానిని, లెక్క వ్రాయువానిని, తన యనంతరము తాళపుచెవిని అందుకొనువానిని. మొదటివాడు యంత్రము కావచ్చును. రెండవ పనిలో యంత్రము సాయపడగలదు. సరిచూచి చేవ్రాలు చేయవలసినది మనుష్యుడే. మూడవవాడు యంత్రము కానేరడు. విశాఖలో అల్లుడు లభించినందున వేధశాల యజమాని యనంతరమును బ్రతికెను. హైదరాబాదున ప్రభుత్వమును, విశ్వవిద్యాలయమును లభించెను. ఎవ్వరును లభింపనిచోట, కనీసము ఆ లెక్కలపుస్తకపు ప్రతి యొకటి ఊరి గ్రంథాలయమున చేరవలెను. ఇరువదియైదేండ్లుగా పుస్తకమును తీసికొన్నవాని పేరును, తేదీని తప్పక వ్రాయుచు వచ్చిన యీ సంస్థకు ఒక చుక్క పేరును, తేదీని భద్రపరచుట బరువు కాబోదు. ఈ బీరువాలలో అట్టి పుస్తకమునకు చోటు దొరకును గాక!

స్వస్తి.