మనవల చదువులు – మన చేతిలోని ఫోన్లు

(పెన్షనర్ల దినోత్సవ సభలో సిగ్నల్ అండ్ టెలికాం శాఖకు చెందిన ఒక విశ్రాంత సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. డి.ఏ. గురించీ, ఉమీద్ కార్డు గురించీ నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. మన ఇళ్లలో భోజనాల దగ్గర నలిగే ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి, "పిల్లలను ఏ బ్రాంచిలో చేరిస్తే ఉద్యోగం వస్తుంది?" రెండోది, "ఫోన్ ఇప్పుడే కొనాలా, కొత్త మోడల్ వచ్చేదాకా ఆగాలా?" మొదటిదానిలో లక్షలు, రెండోదానిలో వేలు. కాని రెండూ ఒక జాతి ప్రశ్నలే. రేపు ఏమవుతుందో ఇవాళే తెలిసిపోవాలన్న ఆశ వాటి మూలం. ఆ ఆశ వల్ల నేను ఒకసారి పొరపాటు చేశాను. రెండోసారి చేయబోయి ఆగాను. ఆ సంగతే మీకు మనవి చేసుకుంటాను.

నేను 1974లో డిప్లొమాతో సర్వీసులో చేరాను. శిక్షణకు తార్నాకలోని ఇరిసెట్‌కు పంపారు. 1957లో నెలకొల్పిన ఆ సంస్థ మన సిగ్నల్, టెలికాం వారందరికీ పుట్టిల్లు. అక్కడ మాకు చేతికిచ్చి నేర్పిన పరికరాలలో చాలా భాగం ఇప్పుడు మ్యూజియంలో చూడవలసిందే. మోర్స్ పోయి టెలిప్రింటర్ వచ్చింది. అదీ పోయింది. రాగి తీగ స్థానంలో గాజు నార వచ్చింది. ప్రజల తంతి సేవ కూడా 2013 జూలైలో ఆగిపోయింది. అయినా నలభై ఏళ్లు నాకు పని దొరికింది. ఎందుచేతనంటే పరికరం మారిందిగాని ఓమ్ సూత్రం మారలేదు. లైనులో లోపం ఎక్కడుందో ఒక్కొక్క అంచె తప్పిస్తూ వెతికే పద్ధతి మారలేదు.

రిజర్వేషన్ ఆఫీసు సంగతి మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. పెద్ద రిజిస్టర్లలో పేర్లు రాసే రోజుల నుంచి వచ్చినవారు ఇక్కడ ఉన్నారు. 1986లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చినప్పుడు ఇక గుమాస్తాలకు పని ఉండదన్నారు. క్రిస్ సంస్థ తయారుచేసిన కాన్సర్ట్ విధానాన్ని 1994లో మొట్టమొదట మన సికింద్రాబాదులోనే ప్రవేశపెట్టారు. రిజిస్టరు పట్టిన చేతులే కీబోర్డు పట్టాయి. యాభై ఏళ్లు దాటినవారు కూడా రెండు నెలల్లో నేర్చుకున్నారు. 2002లో ఇంటర్నెట్ టిక్కెట్లు మొదలై ఇప్పుడు కౌంటరు దగ్గర క్యూయే తగ్గింది. ఇన్ని మలుపులు వస్తాయని చేరినరోజున మనకెవరైనా చెప్పారా? చెప్పినా నమ్మేవాళ్లమా?

ఇంత చూసినవాణ్ణి, నా కొడుకు విషయం వచ్చేసరికి అన్నీ మరిచిపోయాను. అది 1998. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ లేస్తున్న సంవత్సరం. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. 2000 సంవత్సరం సమస్య సరిచేయడానికి అమెరికాకు మనుషులు కావాలని ప్రతి ఇంట్లో అదే మాట. మావాడికి ఎలక్ట్రికల్ ఇష్టం. చిన్నప్పటి నుంచి లాలాగూడ షెడ్డు దగ్గర ఎలక్ట్రిక్ ఇంజన్లను చూస్తూ పెరిగాడు. వాడి ర్యాంకుకు ఎలక్ట్రికల్‌లో ఫ్రీ సీటు వచ్చేది. నేను ఒప్పుకోలేదు. పి.ఎఫ్. నుంచి సొమ్ము తీసి కంప్యూటర్స్‌లో పేమెంటు సీటు కొన్నాను. "నాన్నా, నాకది రాదేమో" అన్నాడు. "అందరికీ వచ్చేది నీకెందుకు రాదు" అని నోరు మూయించాను.

వాడు 2002లో డిగ్రీ పట్టుకుని బయటకు వచ్చేసరికి అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీల బుడగ పగిలి ఉంది. మనవైపు కొత్తవారిని తీసుకోవడం తగ్గిపోయింది. ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్నాడు. ఒక్కనాడూ నన్ను మాట అనలేదు. అన్నా బాగుండేదేమో. తరువాత ఉద్యోగం దొరికింది, నిలదొక్కుకున్నాడు. భగవంతుని దయ. కాని పండక్కి ఇంటికి వచ్చినప్పుడు ఫ్యాను, మోటారు ఏది చెడినా స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంటాడు. అప్పుడు వాడి ముఖంలో కనిపించే వెలుగు ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు నేనెన్నడూ చూడలేదు.

ఇప్పుడు వాడి కూతురి వంతు వచ్చింది. ఎంసెట్ పేరు మన తెలంగాణలో 2024 నుంచి ఇఎపిసెట్ అయింది గాని ఇళ్లలో కంగారు మాత్రం పాతదే. నేటి కౌన్సెలింగులో సగానికి మించిన సీట్లు కంప్యూటర్ సైన్సు, దాని ఉపశాఖలవే. అంతా గొర్రెదాటు. మా మనవరాలికి కన్వీనర్ కోటాలో ఇ.సి.ఇ. వస్తుంది. తనకు కావలసిందీ అదే. మావాడు మాత్రం నా దగ్గరకు వచ్చి, "నాన్నా, మేనేజిమెంట్ కోటాలో సి.ఎస్.ఇ. అడిగాను. మీ డిపాజిట్ తీస్తే సర్దుకోవచ్చు" అన్నాడు. నా గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ములో మిగిలినది అదొక్కటే. మా ఆవిడకు, నాకు అదే ధైర్యం. వాణ్ణి కోప్పడదామంటే నోరు రాలేదు. వాడి ముఖంలో 1998 నాటి నా ముఖం కనిపించింది. ఆ పాఠం వాడికి నేర్పింది నేనే.

సరే, నిజంగా ఏ చదువుకు ఉద్యోగాలున్నాయో అంకెలు చూద్దామనుకున్నాను. అమెరికాలో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు డిగ్రీలవారీగా ఒక పట్టిక ప్రకటిస్తూ ఉంటుంది. 2023 లెక్కలతో 2025లో వెలువడిన పట్టికలో, కొత్త పట్టభద్రులలో నిరుద్యోగం కంప్యూటర్ సైన్సుకు 6.1 శాతం, కంప్యూటర్ ఇంజినీరింగుకు 7.5 శాతం. తత్వశాస్త్రానికి 3.2 శాతమే. ఇది చూసి కంప్యూటర్ మానేసి తత్వశాస్త్రం చదవమందామా? ఆగండి. అదే పట్టికలో ఇంకో వరుస ఉంది. డిగ్రీ అక్కరలేని పనుల్లో సర్దుకున్నవారు కంప్యూటర్ సైన్సులో 16.5 శాతం, తత్వశాస్త్రంలో 41.2 శాతం. కనుక ఒక్క అంకె పట్టుకుని పరుగెత్తరాదు. డి.ఏ. శాతం ఒక్కటే చూసి పెన్షను లెక్క కడతామా? బేసిక్ కూడా చూడాలి కదా!

మన దేశంలోనూ 2025 జూలైలో టి.సి.ఎస్. తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే దాదాపు 12 వేలమందిని తగ్గిస్తామని ప్రకటించింది. దీనివల్ల కంప్యూటర్ చదువు పనికిరాదని నేననడం లేదు. ఇష్టంతో చదివినవారికి అది బంగారమే. అందరూ ఎక్కుతున్నారని మనమూ ఎక్కితే, బండి మన ఊరికి పోతుందని హామీ లేదు. అంతే నా మాట.

ఇక ఫోన్ల సంగతికి వస్తాను. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసుగారు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌గారికి చేశారు. అప్పట్లో వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టాలి. అప్పటి నుంచి ఏటా "రాబోయే ఫోన్" గురించి జోస్యాలే. 2013లో కళ్లద్దాల ఫోన్ వస్తోంది, చేతి ఫోన్ పోతుందన్నారు. ఆ గూగుల్ గ్లాస్‌ను మామూలు జనానికి అమ్మడం 2015లో ఆపేశారు. ముక్కలు ముక్కలుగా మార్చుకునే ఫోన్ అన్నారు. 2016లో దాన్నీ వదిలేశారు. 2024లో చొక్కాకు పెట్టుకునే పిన్ను వచ్చింది. ఏడాది తిరక్కుండానే మూతపడింది. అన్నీ అరచేతిలో వైకుంఠాలే.

మరి నిజంగా మన బతుకు మార్చినవేమిటి? 2016లో యు.పి.ఐ. వచ్చింది. మోండా మార్కెట్లో కొత్తిమీర కట్ట అమ్మే అమ్మ దగ్గర కూడా ఆ నల్లచుక్కల అట్ట ఉంది. 2021 నవంబరులో ముఖం చూపించి జీవన ప్రమాణ పత్రం ఇచ్చే సదుపాయం వచ్చింది. బ్యాంకు మెట్లెక్కలేని మనవాళ్లకు అంతకంటే గొప్ప మోడల్ ఏముంటుంది? ఈ రెండూ కొత్త ఫోన్ల వల్ల వచ్చినవి కావు. చేతిలో ఉన్న ఫోన్‌తో జరిగినవి.

మావాడు డిపాజిట్ మాట ఎత్తిన వారంలోనే నా ఫోన్ బ్యాటరీ ఉబ్బింది. ఉబ్బిన బ్యాటరీ ప్రమాదం, వాడవద్దని మనవరాలు ఫోన్ లాక్కుని నన్ను పార్క్‌లేన్‌లోని ఒక చిన్న దుకాణానికి తీసుకుపోయింది. మెకానిక్ కుర్రవాడు ఫోన్ విప్పాడు. ఈ పిల్ల స్టూలు లాక్కుని కూర్చుని అతన్ని ఒకటే ప్రశ్నలు. ఆ చిప్పేమిటి, ఈ సన్నని గీత ఏమిటి అని. అంచున ఉన్నది యాంటెన్నా అని అతను చూపించగానే నాకు పాత రోజులు గుర్తుకొచ్చి నేనూ వంగి చూశాను.

అక్కడ మేమిద్దరం ఒక ఆట ఆడాం. ఈ ఒక్క ఫోన్లో ఎన్ని చదువులున్నాయో లెక్కపెట్టాం. చిప్పు, యాంటెన్నా ఇ.సి.ఇ. వారివి. అలాంటి చిప్పులను రూపొందించే క్వాల్‌కామ్ వంటి సంస్థలలో మన హైదరాబాదులోనే వేలమంది పనిచేస్తున్నారు. బ్యాటరీ కెమిస్ట్రీవారిది, లోహశాస్త్రంవారిది. బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ.లో లిథియం బ్యాటరీ పదార్థాలపై పరిశోధన జరుగుతోంది. వేడి బయటకు పంపడం మెకానికల్. కెమెరా అద్దం ఫిజిక్స్. తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయంటే దాని వెనక కంప్యూటర్‌వారితోపాటు భాషాశాస్త్రం చదివినవారున్నారు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో ఆ పనికి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. "తాతయ్యా, ఒక్క బ్రాంచితో ఫోన్ తయారు కాదు కదా! మరి నాన్న అందరినీ ఒక్క బ్రాంచిలోనే చేరమంటాడేం?" అంది. నా దగ్గర జవాబు లేదు.

రాత్రి మావాణ్ణి కూర్చోబెట్టి ముందు క్షమాపణ చెప్పాను. "ఆనాడు నీ మాట వినలేదురా. నువ్వు దాని మాట విను" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఇ.సి.ఇ.లో ఉద్యోగం వస్తుందంటారా?" అన్నాడు. వస్తుందని నేనెలా చెప్పను? చెప్పగలిగింది ఒక్కటే చెప్పాను. మన శాఖ ముసలిదైపోయిందని నేను రిటైరైననాడు అన్నారు. తరువాత కవచ్ వచ్చింది. రెండు రైళ్లు ఢీకొనకుండా ఆపే ఆ విధానం ప్రయోగాలు మన దక్షిణ మధ్య రైల్వేలో, లింగంపల్లి–వికారాబాద్ వైపే జరిగాయి. 2022 మార్చిలో రైల్వే మంత్రిగారు స్వయంగా ఇంజన్లో కూర్చుని పరీక్షించిందీ మన డివిజన్లోనే. దాన్ని తయారుచేస్తున్న తొలి కంపెనీలు మూడూ హైదరాబాదువే. ఇప్పుడు సిగ్నల్, రేడియో తెలిసినవారి కోసం వెతుకుతున్నారు. ఏ చదువు ఎప్పుడు పూస్తుందో ఎవరికి తెలుసు? వేరు గట్టిగా ఉండాలి.

పిల్ల ఇ.సి.ఇ.లో చేరింది. నా డిపాజిట్ అలాగే ఉంది. నాలుగేళ్ల తరువాత ఏమవుతుందో అప్పుడు చూద్దాం.

ముగించేముందు పెద్దలకు నాలుగు మాటలు. మొదటిది, పిల్లలు దేనిమీద గంటలకొద్దీ విసుగు లేకుండా కూర్చుంటారో గమనించండి. రెండోది, కాలేజీకి వెళ్లినప్పుడు భవనం కాదు, ల్యాబు చూడండి. పోయిన ఏడాది పాసైన పిల్లలను పిలిచి ఎక్కడున్నారో అడగండి. మూడోది, మీ చివరి డిపాజిట్‌ను సీటు కోసం తీయకండి. చదువుకు బ్యాంకు అప్పు దొరుకుతుంది. ముసలితనానికి ఏ బ్యాంకూ అప్పివ్వదు. నాలుగోది ఫోన్ గురించి. రాబోయే మోడల్ కోసం ఆగకండి. కొనేటప్పుడు కెమెరాలెన్ని అని కాక, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారని అడగండి. గూగుల్ 2023 నుంచి, శామ్‌సంగ్ 2024 నుంచి తమ ఖరీదైన మోడళ్లకు 7 ఏళ్లు ఇస్తామన్నాయి. చవక ఫోన్లకు అంత ఉండదు. బ్యాటరీ మారిస్తే పనిచేసే ఫోన్‌ను పారేయకండి. నా ఫోన్ ఇదిగో, ఆ మెకానిక్ కుర్రవాడి చలవ వల్ల జేబులోనే ఉంది. ఈ నవంబరులో నా జీవన ప్రమాణ పత్రం దీనితోనే ఇచ్చాను.

నా అనుభవం మీలో ఒక్క ఇంట్లోనైనా ఒక్క పిల్లవాడి మాట వినిపించేలా చేస్తే అదే నాకు పదివేలు.