తంగేడు పుల్ల, నారింజ రసం

పూర్వం దక్షిణాదిన ఉక్కు చేసే కమ్మరులు మట్టి మూసలో ఇనుముతో పాటు తంగేడు పుల్లలు, జిల్లేడాకులు వేసి, మూత మెత్తి కొలిమిలో పెట్టేవారు. ఆకులోని, పుల్లలోని కర్బనం ఇనుములోకి దిగి ఉక్కు తయారయ్యేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం అలాంటి మేలైన ఉక్కుకు పేరుపడ్డ ఊరు. ఈ రకం ఉక్కుతో చేసిన 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, లోపల కార్బన్ నానో గొట్టాలు కనిపించాయి! నానోమీటరు అంటే మీటరులో 100 కోట్లవ వంతు.

ఆనాటి కమ్మరులు తెలియకుండా చేసినా, ఇప్పుడు మొక్కల నుంచి ఇలాంటి నానో పదార్థాలను తెలిసే చేస్తున్నారు. 2012లో ఒడిశా పరిశోధకులు నారింజ రసాన్ని గుజ్జు లేకుండా తీసి, ఆల్కహాల్ కలిపి, బిగుతుగా మూసిన పాత్రలో 120 డిగ్రీల వద్ద రెండున్నర గంటలు వేడిచేశారు. రసంలోని చక్కెరలు, ఆమ్లాలు నీరు వదులుకుని నానో సైజు కర్బనపు చుక్కలయ్యాయి. పగటి వెలుతురులో ఆ చుక్కలున్న ద్రవం గోధుమరంగులోనే ఉంటుంది. అతినీలలోహిత దీపం కింద పెడితే మాత్రం చక్కగా మెరుస్తుంది.

ఆ మెరుపుతో సూక్ష్మదర్శినిలో జీవకణాలను చూడొచ్చు. ఇలాంటి చుక్కలు కొన్ని, నీటిలో ఇనుము ఉంటే మసకబారి ఆ సంగతి చెప్పేస్తాయి. చిక్కల్లా ఒక్కటే. పండు పండుకీ రసం మారుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకే నాణ్యత రాబట్టడం కష్టం. వరిపొట్టు, కొబ్బరిచిప్పలతోనూ ప్రయోగాలు సాగుతున్నాయి.