వంటచెరకు - పనిముట్ల పోషణ
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున కవిత్వమును గూర్చియో, చరిత్రను గూర్చియో ప్రసంగించుట వాడుక. కట్టెలను గూర్చి, గొడ్డలిని గూర్చి ఉపన్యాసమేమని కొందరు నవ్వుకొనవచ్చును. కాని ఈ సభ ముగిసిన పిమ్మట జరుగు భోజనములకు గాడిపొయ్యి మీద అన్నము ఉడుకవలసినదే గదా! ఆ పొయ్యిలో పచ్చికట్టె పడినచో వంటవారి కన్నులే గాక, ఆకలిగొన్న సభ్యుల ఓర్పు కూడ పరీక్షకు వచ్చును.

పల్లెలకు గ్యాసుపొయ్యి వచ్చినది. ఆంధ్రప్రదేశములో 1999 నాటి దీపం పథకము, దేశమంతటను 2016 నాటి ఉజ్జ్వల పథకము పెక్కు ఇండ్లకు బండలను చేర్చినవి. అయినను కట్టెతో పని తీరలేదు. నీళ్ళకాగు క్రింద, పెండ్లివంటల పొయ్యిలో, పొగాకు బ్యారను క్రింద, బండ ఖాళీ అయి చేత రొక్కము లేని నెలలో, మండునది కట్టెయే. ఇంత కాలముగా వాడుచున్న వస్తువు కనుక దానిని గూర్చి తెలియనిదేమున్నదని తలచుట సహజము. తెలిసినదంతయు ఆచరణలో లేదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

వంటచెరకు పొయ్యిదగ్గర తయారగునది కాదు. అది మండుటకు ఆరునెలల ముందే తయారు కావలెను. అప్పుడే నరికిన కట్టె బరువులో సుమారు సగము నీరుండవచ్చును. అట్టి కట్టెను నూరు కిలోలు తూచి కొన్నవాడు ఏబది కిలోల కట్టెకును, ఏబది కిలోల నీటికిని వెల యిచ్చుచున్నాడన్నమాట. అదే కట్టె చక్కగ ఎండి, బరువులో అయిదవ వంతు మాత్రమే తేమ మిగిలినపుడు అరువదిరెండు, అరువదిమూడు కిలోలు తూగును. నష్టము అంతటితో పోదు. ఒక కిలో నీటిని కాచి ఆవిరి చేయుటకు సుమారు 600 కిలోకాలరీల వేడి ఖర్చగును. కుండకు చేరవలసిన వేడి కట్టెలోని నీటిని ఎండబెట్టుటకు పోవును. పొయ్యి చల్లబడుటచే కట్టె పూర్తిగా కాలదు. కాలని భాగమే పొగయై వంటింట క్రమ్ముకొనును. ఇంటి కోడలు కన్నులు తుడుచుకొనుచు గొట్టముతో ఊదుచుండ, పొయ్యి మంచిది కాదని ఇంటివారు పొయ్యిని మార్చుచుందురు. తప్పు పొయ్యిది కాదు, కట్టె కొట్టినవానిది.

కనుక కాలము మొదట చూడవలెను. పుష్య మాఘములలో కొట్టి చీల్చిన కట్టె చైత్ర వైశాఖముల ఎండకు ఆరి, తొలకరినాటికి కప్పు క్రిందికి చేరవలెను. ఆషాఢములో కట్టెకొరకు గొడ్డలి పట్టువాడు ఆ సంవత్సరమంతయు పొగ త్రాగవలసినదే. బొటనవ్రేలి లావు పుల్లలు కొన్ని వారములలో ఎండును. ముంజేతి లావున చీల్చిన సరుగుడు మంచి వేసవిలో రెండు మూడు నెలలకు పనికివచ్చును. చీల్చని మొద్దు, బెరడు విడువని మొద్దు, ఏడాది గడచినను లోపల పచ్చిగానే యుండవచ్చును. ఎండినదో లేదో తెలియుటకు సులువైన ఉపాయము కలదు. మోపునుండి రెండు మూడు కట్టెలు ఏరి, సుద్దతో గుర్తు పెట్టి, వారమున కొకసారి త్రాసులో తూచవలెను. బరువు తగ్గుట ఆగినచో కట్టె ఎండినది. త్రాసు లేనివారు రెండు కట్టెలను ఒకదానితో నొకటి కొట్టి వినవచ్చును. ఎండినవి ఖణేలుమనును, పచ్చివి మొద్దుగా పలుకును. కొనలయందు చక్రపు ఆకులవలె పగుళ్ళు తీయుట కూడ గుర్తే.

ఏ చెట్టు కట్టె మంచిదను ప్రశ్నకు ఊరికొక జవాబు. కోస్తాలో సరుగుడుకు సాటి లేదు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా దీవుల తీరములందలి ఈ చెట్టును మద్రాసు రాజధానిలో రైలింజనులకు కట్టె కావలసి 1860 ప్రాంతములనుండి ఇసుకనేలలలో విరివిగా నాటించిరి. దాని కట్టె గట్టిది, వేడి మెండు, పచ్చిగా నున్నపుడే చక్కగ చీలును. నేడు కాగితపు మిల్లులకును, కొయ్యలకును పోగా మిగిలిన కొనలు, వేళ్ళు పొయ్యికి వచ్చుచున్నవి. నల్లతుమ్మ నిప్పు నిలుచును, బొగ్గు మంచిది. ఎండిన పిమ్మట చీల్చబోయినచో గొడ్డలిని వెక్కిరించును గనుక పచ్చిలోనే చీల్చవలెను. చింతమొద్దు నార మెలికలు తిరిగి యుండును. దానితో కుస్తీ పట్టుటకంటె రంపముతో పొట్టిముక్కలుగా కోయుట మేలు. మామిడి త్వరగా కాలిపోవును. 1870 దశకములో కడప జిల్లా కమలాపురమున నాటిన సర్కారు తుమ్మ నేడు పిలువని పేరంటమువలె పొలములన్నిట వెలసినది. రైతుకు అది శత్రువే. పొయ్యికి మాత్రము మంచి కట్టె. దాని ముల్లు గ్రుచ్చుకొన్నచో చీము పట్టును గనుక చెప్పులు, మందపు చేతితొడుగులు లేక తాకరాదు. కంది, ప్రత్తి కట్టెలు రాజేయుటకు, దోసెపెనమునకు చాలును. గన్నేరు కట్టెను మాత్రము పొయ్యిలో పెట్టరాదు. దాని పొగ కూడ విషమే. చెట్టుజెముడు పాలు కంట పడినచో చూపునకే అపాయము.

స్వంత పొలములోని చెట్టైనను నరకుటకు ముందు అనుమతి అవసరమేమో విచారించవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ఈ విషయములో వర్తించును. అడవిలోని చెట్టు సంగతి చెప్పనక్కరలేదు. ఎండినకొమ్మకును పచ్చిచెట్టునకును భేదము గొడ్డలికి తెలియదు, అటవీ ఉద్యోగికి తెలియును.

ఇక గొడ్డలి. ఏటేట కట్టెకొట్టుటలో కలుగు గాయములకు పదును మిక్కిలి యగుట కారణమని జనుల తలంపు. వాస్తవమునకు మొండిగొడ్డలియే ఎక్కువ అపాయకరము. పదునుగలది కట్టెలో దిగి నిలుచును. మొండిది జారి కాలిమీదికి వచ్చును. అంతకంటె అపాయము వదులైన కామ. ఎత్తిన గొడ్డలి తల ఊడి వెనుక నిలుచున్న పిల్లవాని మీద పడినచో ఏ వైద్యుడును ఏమి చేయగలడు? అందుచేత ప్రతిదినము పని మొదలిడుటకు ముందు తలను ఒకచేతను, కామను ఒకచేతను పట్టి కదిపి చూడవలెను. కించిత్తు కదలినను ఆనాటికి పని ఆపవలెను.

ఇచ్చట ఒక చెడు అలవాటు చెప్పవలసియున్నది. కామ వదులైనచో గొడ్డలిని రాత్రి నీళ్ళతొట్టిలో వేసి, ఉదయము బిగిసినదని పనికి పోవుదురు. నీటిచేత కొయ్య ఉబ్బుట నిజమే. కాని ఇనుప కన్నులో చోటు లేక ఆ ఉబ్బిన నార నలిగిపోవును. మధ్యాహ్నపు ఎండకు ఆరి మునుపటికంటె సన్నబడును. ఉదయము బిగి, మధ్యాహ్నము ప్రమాదము. దీనికి నీరు మందు కాదు. ఎండిన గట్టికొయ్యతో సన్నని మేకు చెక్కి కామ కొనలో దిగగొట్టుటయో, కామనే మార్చుటయో చేయవలెను.

కామకు తుమ్మ మంచిది. అంగడిలో దొరకు గొడ్డళ్ళ కామలకు ఎఱ్ఱరంగో, పచ్చరంగో పూయుట కలదు. ఆ రంగు అందముకొరకు గాక, పలుమారు ముడులను దాచుటకే ఉపయోగపడుచున్నది. కొన్న వెంటనే గాజుపెంకుతో రంగు గీకి చూచుట తెలివి. నార కామ పొడవునా తిన్నగా సాగవలెను. కామ కొనను చూచినపుడు కనబడు గీతలు వాదర ఉన్న దిక్కుననే పోవలెను. అడ్డముగా పోయినచో ఏదో ఒకనాడు విరుగును. గీకిన కామకు అవిసెనూనె రెండు మూడు పర్యాయములు పట్టించినచో కొయ్య బీటలు తీయదు, చేతికి బొబ్బలు రావు.

కామ విరిగి ముక్క కన్నులో ఇరుక్కొన్నపుడు, దానిని కాల్చివేయుటకు గొడ్డలిని పొయ్యిలో త్రోయువారున్నారు. కమ్మరి కాచి, నీట ముంచి, తగినంత మెత్తపరచి వాదరకు తెచ్చిన గట్టిదనమంతయు ఆ ఒక్క గడియలో పోవును. ఉక్కుపై నీలిరంగు తేలినదనిన వాదర మెత్తబడినదని గ్రహింపవలెను. ఆపైన ఎంత నూరినను పదును నిలువదు. నింద కమ్మరిమీద పడును. ముక్కను బరమాతో తొలిచి, ఇనుప ఊచతో తట్టి తీయవలెను. కరెంటు సానచక్రము మీద ఆత్రపడి రుద్దినను ఇదే నష్టము కలుగును. మాటిమాటికి నీట ముంచుచు రుద్దవలెను. నొక్కులు పడినచో ఆకురాయితో సరిచేసి, పిమ్మట తడి సానరాతిపై రెండు ప్రక్కల సమముగా నూరుట చాలును. రోజూ నాలుగు నిమిషములు నూరినవానికి ఏడాదికొకసారి కూడ సానచక్రముతో పనిపడదు.

మొద్దును చీల్చుటకు వాడు ఇనుప మేకును సమ్మెటతో కొట్టుచుండగా దాని తల పుట్టగొడుగువలె అంచులు విచ్చును. ఆ అంచులనుండి పెచ్చు ఎగిరి కంటిలో పడుట అరుదు కాదు. విచ్చిన అంచును ఎప్పటికప్పుడు అరగదీయవలెను. గొడ్డలి వీపును సమ్మెటగా వాడరాదు, దాని వీపుమీద సమ్మెటతో కొట్టనురాదు. కన్ను సాగి, ఆపైన ఏ కామయు నిలువదు. చీల్చునపుడు మొద్దును మోకాటికంటె తక్కువ ఎత్తుగల దిమ్మపై నిలిపి, కాళ్ళు ఎడముగా నుంచి, నడిమి వ్రేటుతో కాక అంచులనుండి పలకలుగా విడదీసినచో సగము శ్రమ తగ్గును. ముడి ఉన్న ప్రక్కను విడిచి, ముందే పగులు తీసిన చోట కొట్టవలెను.

రంపము తన ఆరోగ్యమును పొట్టుతో చెప్పును. పొట్టు రవ్వలవలె, పోగులవలె రాలినచో పండ్లు బాగున్నవి. పిండివలె రాలినచో మొండికెక్కినవి. కోత ఒకప్రక్కకు వంకరపోవుచున్నదనిన, ఆవలి ప్రక్క పండ్లు అరిగినవనియో, పండ్ల వంపు ఇరుప్రక్కల సమముగా లేదనియో అర్థము. జిగురు పట్టిన రంపమును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆముదము పూసి వ్రేలాడదీయవలెను. ఇద్దరు లాగు రంపమును లాగుటయే కాని త్రోయరాదు. త్రోసినవాడు తానే అలసి, ఎదుటివానిని గూడ అలయించును.

ఇటీవల మోటారు రంపములు పల్లెలకు వచ్చినవి. దినముల పని గంటలలో జరుగుచున్నది. గాయమును ఆ వేగముతోనే అగుచున్నది. దాని గొలుసు వదులైనచో ఊడి ఎగురును, మరీ బిగిసినచో పట్టా అరుగును. పెట్రోలు పోసినప్పుడెల్ల గొలుసునూనె కూడ నింపవలెను. పెట్రోలులో కలుపు నూనె పాలు యంత్రముతో వచ్చిన పుస్తకములో చూచి తెలిసికొనవలెను, చెప్పుడుమాటలు వినరాదు. పట్టా మొనతో కట్టెను ముట్టించినచో యంత్రము ఒక్కసారిగా మొగమువైపు ఎగదన్నును. అందుచేత మొనతో కోత మొదలిడరాదు; రెండుచేతుల పట్టు విడువరాదు. ధోవతి కొంగు, తలగుడ్డ కొస వ్రేలాడనీయరాదు.

పొగాకు రైతులకు ఒక మాట. బ్యారనులో ఆకు పసుపెక్కుట, రంగు నిలుచుట, ఈనె ఎండుట అను దశలకు వేరువేరు వేడి కావలెను. ఎండిన కట్టెయు పచ్చికట్టెయు కలిపి వేయువారికి ఆ వేడి అదుపులో నుండదు. ఒక రాత్రి తప్పినచో పంట వెలయే తగ్గును. ముందుగా కొని ఎండించుకొనుటకు రొక్కము లేదనువారు ఊరిలో నలుగురు కలిసి ముందుగా కొనుట ఆలోచింపదగినది.

కొట్టిన కట్టెను పేర్చుట కూడ విద్యయే. నేలపై రెండు దూలములో, రాళ్ళో వేసి, జానెడెత్తున, కొనలు గాలివాటమునకు ఎదురుగా నుండునట్లు వదులుగా పేర్చవలెను. పైన తాటాకో, రేకో కప్పి ప్రక్కలు విడువవలెను. ప్లాస్టిక్ పట్టాతో నలువైపుల చుట్టినచో తేమ బయటికి పోక బూజు పట్టును. కట్టెలలో తేళ్ళు, పాములు చేరును గనుక చీకటిలో చేయి పెట్టరాదు. కఱ్ఱతో కదలించి, దీపము చూపి తీయవలెను.

గోడకు ఆనించి పేర్చు అలవాటు మానవలెను. నేలలోని చెద మొదట కట్టెకు, కట్టెనుండి గోడకు, గోడవెంట మట్టిదారులు కట్టుకొనుచు లోపలి అలమారుకు ప్రాకును. ఇంటిలో అది దూలమును తినును, గ్రంథాలయములో పుస్తకమును తినును. ఎన్ని గ్రామములలో గ్రంథాలయపు వెనుకగోడ చుట్టుప్రక్కల ఇండ్ల కట్టెలకు ఆసరాగా నున్నదో చెప్పనక్కరలేదు. ఆ మోపులు గోడకు నాలుగు బారల దూరమునకు జరిపి, గోడ అడుగున మట్టిదారులు కనబడినచో చెరిపి, అలమారులను గోడకు జానెడు ముందుకు లాగుట ఒక ఆదివారపు పని. తొలకరికి ముందే జరుగవలసినది అది.