ఆలివ్ నూనెలో సూర చేప – ఎంపిక, వడ్డన
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరవు భత్యం బకాయిల గురించి మాట్లాడుకునే వేదిక మీద చేప డబ్బా ప్రస్తావన ఏమిటని కొందరు నవ్వుకోవచ్చు. శాకాహార మిత్రులు కాసేపు మన్నించాలి. మనలో చాలామంది ఇళ్ళలో ఇద్దరే మిగిలారు, కొన్ని ఇళ్ళలో ఒక్కరే. మోకాళ్ళ నొప్పితో బజారుకు వెళ్ళలేని రోజు చారన్నంతో సరిపెట్టుకుంటున్నాం. వయసు మీదపడేకొద్దీ కండ తరుగుతుంది. కండ తరిగితే కాలు తడబడుతుంది. తడబడి పడితే తుంటి ఎముక విరుగుతుంది. కనుక మాంసకృత్తులు ఏదో ఒక రూపంలో రోజూ అందాలి. నూనె వడకట్టిన 100 గ్రాముల ట్యూనాలో ఇవి సుమారు 25 గ్రాములుంటాయి. ముల్లు ఉండదు, పళ్ళు లేనివారూ నమలగలరు. అయినా పిల్లలు విదేశాల నుంచి తెచ్చిన డబ్బాలు మన బీరువాల్లో భద్రంగా ఉండి, తేదీ దాటాక బయటపడుతున్నాయి.

ట్యూనా మనకు కొత్తది కాదు. మన తీరంలో సూర అనీ, కొన్నిచోట్ల తూర అనీ పిలిచేది దీన్నే. సొర వేరు, సూర వేరు. మన జిల్లా పూడిమడక మత్స్యకారులు నడిసముద్రంలో గాలాలు వేసి దీన్ని పడతారు. డబ్బాలో నింపే పరిశ్రమ కూడా దేశానికి కొత్త కాదు. లక్షదీవుల్లోని మినికాయ్‌లో 1969లోనే ట్యూనా క్యానింగు కర్మాగారం పెట్టారు. చేపను ఉడికించి, ముళ్ళు తీసి, నూనె పోసి, గాలి చొరకుండా మూత బిగించి, మరిగే నీటికంటే ఎక్కువ వేడిలో ఉంచుతారు. నిల్వ ఉండటానికి కారణం ఆ వేడి, ఆ మూతే.

ఇక ఎంపిక. బెల్లం దిమ్మను చూసి రకం చెప్పగల ఊరు మనది. పసుపుగా మెరిసే బెల్లమంతా మేలైనది కాదని, హైడ్రోస్ కలిపినా ఆ రంగు వస్తుందని మనకు తెలుసు. డబ్బా లోపల ఏముందో కంటికి కనిపించదు కాబట్టి లేబులే మనకు కన్ను. ముందువైపు బొమ్మ చూసి మోసపోకండి. వెనుక చిన్న అక్షరాలు చదవండి. అక్షరాలు ఆనకపోతే మనవడి చేత చదివించుకోండి.

మొదట దినుసులు చూడండి. చేప, ఆలివ్ నూనె, ఉప్పు – ఈ మూడే ఉంటే శ్రేష్ఠం. ముందు ఆలివ్ అని పెద్దగా రాసి, వెనుక సోయా నూనో, పొద్దుతిరుగుడు నూనో కలిపినట్టు ఉంటే ఆ ధర దండగ. రెండోది చేప రకం. ఆల్బకోర్ తెల్లగా, మెత్తగా ఉంటుంది. యెల్లోఫిన్ కొంచెం గట్టి. స్కిప్‌జాక్ రంగు ముదురు, వాసన ఎక్కువ, ధర తక్కువ. పాదరసం ఆల్బకోర్‌లో స్కిప్‌జాక్ కంటే ఎక్కువ కాబట్టి గర్భవతులైన కూతుళ్ళకు, కోడళ్ళకు, పసిపిల్లలకు తరచుగా పెట్టవద్దు. మూడోది ముక్క. మేలు రకంలో పెద్ద ముక్కలుంటాయి. చౌక రకంలో పొడి ఉంటుంది. నాలుగోది తూకం. 160 గ్రాములని రాసిన డబ్బాలో నూనె వడిస్తే చేప 110 గ్రాములే ఉండవచ్చు. ధరను ఆ 110తో లెక్క కట్టండి.

అయిదోది, రక్తపోటు ఉన్న మనకు ముఖ్యమైనది, ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. లేబులు మీద సోడియం అంకె తక్కువగా ఉన్న డబ్బానే తీసుకోండి. వంటలో మళ్ళీ ఉప్పు వేయకండి, పక్కన ఆవకాయ పెట్టకండి. యూరిక్ యాసిడ్ బాధ ఉన్నవారు డాక్టరును అడిగే తినాలి.

ఉబ్బిన డబ్బా, అతుకు దగ్గర సొట్టపోయిన డబ్బా, కారుతున్న డబ్బా ఎంత ఖరీదైనదైనా పారేయండి. రుచి చూసి తేల్చుకుందామనుకోవద్దు. బొటులిజం కలిగించే విషానికి వాసన ఉండకపోవచ్చు, ప్రాణం మాత్రం తీయగలదు.

వడ్డన సులువు. చేప ముందే ఉడికినది, మళ్ళీ పులుసులో మరిగిస్తే పీచు పీచవుతుంది, ఖరీదైన నూనె రుచీ పోతుంది. ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి, చేపను విడదీసి కలిపి నిమ్మకాయ పిండండి. వేడి అన్నంలోకి, పెసరట్టు మధ్యకు బాగుంటుంది. మన సొరపుట్టు పద్ధతిలో చేయాలంటే ఉల్లి, అల్లం వెల్లుల్లి, పసుపు ముందు వేయించి, పొయ్యి ఆర్పాక చేప కలపండి. డబ్బాలోని నూనెనే ఒక చెంచా వాడుకోండి, వేరే నూనె అక్కర్లేదు. మిగిలిన చేపను గాజు లేదా స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో ముగించండి. చల్లదనానికి నూనె గడ్డకడితే పాడైందని భయపడకండి. కాసేపు బయట ఉంచితే కరుగుతుంది.

తాజా చేప దొరికిన రోజు దాన్నే వండుకోండి. దానికి సాటి లేదు. డబ్బా అనేది బజారుకు పోలేని రోజు కోసం. పిల్లలు పంపినది పండగకనో, చుట్టాలకనో దాచకండి. వాళ్ళు పంపింది మీరు తినాలని. ఇవాళ ఇంటికి వెళ్ళగానే బీరువా తీసి తేదీలు చూడండి. గడువు ఉన్న డబ్బా ఈ వారంలోనే మూత తీసి, ఇద్దరూ కూర్చుని తినండి. ఒంటరిగా ఉన్నవారు పక్కింటి పెన్షనరు మిత్రుణ్ణి భోజనానికి పిలవండి.