బొంత దానము



ధనుర్మాసమున తెల్లవారకముందే తిరుప్పావై వినుటకు మనము శాలువలు కప్పుకొని గుడికి వచ్చెదము. అదే వేళకు సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు హైదరాబాదు–విజయవాడ రహదారి ప్రక్కన మూసిన దుకాణముల అరుగుల మీదను, మిర్యాలగూడ స్టేషను దాపునను ముడుచుకొని పడుకొన్నవారు కానవచ్చుచునే యుందురు. వారికొరకు ఈ మూడు ఊళ్ళ తల్లులు కూడి బొంతలు కుట్టుచున్నారు. ఆ పనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

బొంతను సంస్కృతమున కంథ యందురు. ఇల్లు విడిచిన సన్న్యాసికి అదియే పరుపు, అదియే దుప్పటి. వంగదేశపు స్త్రీలు పాతచీరలను పొరలుగా పేర్చి కుట్టెడి వస్త్రమునకు నేటికిని అదే పేరు. బౌద్ధుల వినయ గ్రంథములో ఒక ముచ్చట కలదు. మగధదేశపు వరిమళ్ళను, గట్లను చూపి, భిక్షువుల చీవరములను ఆ తీరున ముక్కలు కూర్చి కుట్టగలవా యని బుద్ధుడు ఆనందుని అడిగెనట. అట్టి భిక్షువులు వసించిన విహారముల శిథిలములు మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి కొండపై నున్నవి. సాగర్ ఎడమకాలువ క్రింది మళ్ళను చూచినవారికి ఆ పోలిక వేరుగా వివరింపనక్కరలేదు.

ఇక అసలు సంగతి. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యజ్ఞము చేసి గోదానము చేసెను. ఆ గోవులు పాలుడిగినవి, మేత మేయు శక్తియైనను లేనివి. అది చూచి బాలుడైన నచికేతుని మనస్సు కలత చెందెను. దానమని వచ్చెడి గుడ్డల మూటలను విప్పినచో మనకును ఆ కలతయే కలుగును. బొత్తాములూడిన చొక్కాలు, చీకిపోయిన రవికెలు! ఇంట అడ్డమైనదానిని వదిలించుకొని దానమనుచున్నాము. గౌరవము లేక ఇచ్చునది తామస దానమని గీత పదునేడవ అధ్యాయము చెప్పుచున్నది.

మరి పాతచీరల బొంత మాత్రము ఏపాటి దానమని ఎవరైన అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. మన ఇండ్లలో పురిటిబిడ్డను పడుకోబెట్టునది అమ్మమ్మ పాతచీరతో కుట్టిన బొంత మీదనే కదా. పలుమార్లు ఉతికిన నూలుచీర క్రొత్తదానికంటె మెత్తన. దానిని వేడినీట ఉతికి, ఎండనిచ్చి, చివికిన భాగము తీసివేసి, నాలుగైదు పొరలు పరచి, ముడతలు లేకుండ నలుగురు నాలుగంచుల కూర్చుండి దబ్బనముతో కుట్టవలెను. పొరల నడుమ నిలిచిన గాలియే చలిని ఆపును. కుట్లు దగ్గరగా లేనిచో ఒక్క ఉతుకునకే లోపలి గుడ్డ ఉండకట్టును. మన మనుమనికి కప్పుటకు మనసొప్పిన బొంతయే దానమునకు తగినది. ఒప్పనిచో కుట్లు విప్పి మరల కుట్టవలసినదే.

కుచేలుడు చినిగిన గుడ్డలో అటుకులు కట్టుకొనిపోలేదా యని కొందరందురు. నిజమే. కాని ఆ అటుకులు సైతము అతని ఇల్లాలు ఇరుగుపొరుగు ఇండ్ల నడిగి తెచ్చినవి. బీరువా నిండ చీరలున్న మనము కుచేలుని చాటున దాగుట న్యాయము కాదు.

పిల్లలమఱ్ఱిలోని ఎఱకేశ్వరాలయమును క్రీ.శ. 1208లో కట్టించినది బేతిరెడ్డి ఇల్లాలు ఎఱకసానమ్మ. గుడి కట్టించు స్తోమత అందరికి నుండదు. దబ్బనము పట్టుటకు ఏ స్తోమతయు అక్కరలేదు.

మరణించినవారి చీరలు, భర్తను కోల్పోయిన తల్లుల తెల్లచీరలు పనికిరావని కొందరు సంకోచించుచున్నారు. ఉతికి ఎండనిచ్చిన నూలునకు ఏ దోషమును లేదని మా నిశ్చితాభిప్రాయము. తల్లి చీర పెట్టెలో మురుగుటకంటె ఒకరికి వెచ్చదనమగుట మేలు కాదా? ఆ తెల్లచీర తెచ్చిన తల్లిని కూడ దూరముగా గాక ప్రక్కననే కూర్చుండబెట్టుకొనవలెను.

ఇచ్చునప్పుడు ఫోటోలు వలదు. నిద్రించువారిని లేపవలదు, మెల్లగా కప్పి వచ్చిన చాలును. మాఘమాసమున రెండేండ్లకొకసారి జరుగు పెద్దగట్టు జాతరకు పిల్లలతో వచ్చి ఆరుబయట పండుకొనువారికిని కొన్ని బొంతలు ఉంచుకొనవలెను.

పాలిస్టరు చీరలు మాత్రము తేవలదు. అవి చెమట పీల్చవు. చలిమంట నిప్పురవ్వ పడినచో కరగి ఒంటికి అంటుకొనును. దబ్బనములు, దారపుండలు మండపములోనే యున్నవి. నూలుచీరలు ఉతికి, మడతపెట్టి తీసికొనిరండు.